రైల్వే యాక్ట్ అప్రెంటిస్ శిక్షణకు ఐటీఐ చదివిన అమ్మాయిని పంపడం మంచిదేనా?

హన్మకొండ_అన్న
మా చెల్లెలు ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ల కోర్సు పూర్తి చేసింది. పదో తరగతిలోనూ ఐటీఐలోనూ మంచి మార్కులు వచ్చాయి కాబట్టి, దక్షిణ మధ్య రైల్వే ఈసారి యాక్ట్ అప్రెంటిస్ (1961 అప్రెంటిస్ చట్టం కింద ఏడాది శిక్షణ) ప్రకటన ఇస్తే దరఖాస్తు చేయాలని పట్టుదలగా ఉంది. ఇంతలో హైదరాబాదు శివారులో ప్యానెల్ బోర్డులు తయారుచేసే ఒక కంపెనీ నెలకు పద్నాలుగు వేలు ఇస్తామని పిలిచింది. ఏడాది పాటు ఏడెనిమిది వేల స్టైపెండ్‌తో (శిక్షణ కాలంలో ఇచ్చే భత్యం) సికింద్రాబాదులో ఉండి, చివరికి ఒక సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి రావడమేనా అని నాన్న అడుగుతున్నారు. వర్క్‌షాపులో అంతా మగవాళ్లే ఉంటారు కదా అని అమ్మ దిగులు పడుతోంది.

నాకున్న బాధ వేరు. సుమారు 12 లక్షల మంది పనిచేసే సంస్థ ఏటా వేలాది పిల్లలను చేర్చుకుని, పని నేర్పి, ఆ తర్వాత మీ దారి మీరు చూసుకోండి అని పంపేస్తే, దాన్ని విద్యార్థులకు చేయూత అనాలా, తక్కువ ఖర్చుతో పని చేయించుకోవడం అనాలా? ఆ శిక్షణ పూర్తి చేసినవాళ్లు, ముఖ్యంగా రైల్వేలో పనిచేస్తున్న ఆడపిల్లలు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

ఐటీఐ_మాస్టారు
ముందుగా ఎంపిక సంగతి చెబుతాను. దీనికి రాత పరీక్ష లేదు. పదో తరగతి మార్కుల శాతాన్నీ ఐటీఐ మార్కుల శాతాన్నీ కలిపి సగటు తీసి మెరిట్ జాబితా వేస్తారు. పదిలో కనీసం 50 శాతం ఉండాలి, వయసు 15 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు వయసులో సడలింపు ఉంటుంది. 2024 డిసెంబరులో దక్షిణ మధ్య రైల్వే ఇచ్చిన ప్రకటనలో మొత్తం 4,232 సీట్లు ఉండగా, అందులో ఫిట్టర్లకు 1,742, ఎలక్ట్రీషియన్లకు 1,053, వెల్డర్లకు 713 వచ్చాయి. ఎలక్ట్రీషియన్ చదివిన మీ చెల్లెలికి అవకాశం బాగానే ఉందని ఈ అంకెలే చెబుతున్నాయి. దరఖాస్తు రుసుము వంద రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులతో పాటు మహిళలకు అది కూడా లేదు.

శిక్షణ ముగిశాక అఖిల భారత ట్రేడ్ పరీక్ష రాయాలి. అందులో ఉత్తీర్ణులైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. మా పిల్లలందరికీ నేను పదే పదే చెప్పే విషయం ఏమిటంటే, రైల్వే లెవెల్-1 (ఒకప్పటి గ్రూప్-డి) ఉద్యోగాల్లో 20 శాతాన్ని యాక్ట్ అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు కేటాయించారు, అయితే ఆ శిక్షణ రైల్వే సంస్థల్లోనే జరిగి ఉండాలి. బయటి కంపెనీలో ఎంత పెద్ద పేరున్న చోట అప్రెంటిస్ చేసినా ఈ కోటా వర్తించదు. 2019 నాటి లెవెల్-1 ప్రకటనలో 1,03,769 ఖాళీలుంటే, అందులో 20,734 ఈ కోటా కిందివే. నాన్నగారు ‘ఒక సర్టిఫికెట్’ అని తేలిగ్గా అంటున్నది దీన్నే.

గుంటుపల్లి_వెల్డర్
మాస్టారు చెప్పినవన్నీ నిజమే గాని, రెండో సగం కూడా చెప్పాలి. ఆ 1,03,769 ఖాళీల ప్రకటన 2019 మార్చిలో వచ్చింది, పరీక్ష 2022 ఆగస్టులో మొదలైంది. మధ్యలో కోవిడ్ వచ్చిన మాట నిజమే. అయినా ఇరవై రెండేళ్ల కుర్రాడు పరీక్ష హాలుకు వెళ్లేసరికి ఇరవై ఐదు దాటాడు. కోటి మందికి పైగా దరఖాస్తు చేశారు. 20 శాతం కోటా ఉందన్నంత మాత్రాన ఉద్యోగం చేతిలో పెట్టరు. అందరితో పాటు కంప్యూటర్ పరీక్ష రాసి కనీస మార్కులు తెచ్చుకోవాలి, ఆ తర్వాత కోటాలోని మిగతా అప్రెంటిస్‌లతో పోటీ పడాలి.

నేను రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో శిక్షణ పొందాను. అక్కడ నేర్చుకున్న పని గురించి గర్వంగానే చెప్పుకుంటాను. ప్రస్తుతం ఒక ప్రైవేటు నౌకా నిర్మాణ యార్డులో వెల్డర్‌గా ఉన్నాను, ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న రైల్వేలో ఏ పని మీద చేశావని. కాబట్టి శిక్షణకు పంపండి, రైల్వే ఉద్యోగం కోసమే అని మాత్రం ఇంట్లో మాట ఇవ్వకండి.

కరీంనగర్_తండ్రి
మా అబ్బాయికి అప్రెంటిస్ పిలుపు వచ్చినా ప్రైవేటు ఉద్యోగంలోనే చేర్చాను, ఆ నిర్ణయం సరైనదేనని ఈనాటికీ అనుకుంటున్నాను. సికింద్రాబాదులో గది అద్దె, తిండి, బస్సు ఖర్చు కలిపితే స్టైపెండ్ మిగలదు సరికదా, ఇంటి నుంచి పంపించాల్సి వస్తుంది. రోజు కూలీ చేసుకునే తండ్రికి అది భరించలేని భారం. విద్యార్థులకు చేయూత ఇస్తున్నామని చెప్పే సంస్థ ఆ విద్యార్థి ఎక్కడ పడుకుంటాడో, ఏం తింటాడో ఆలోచించకపోతే, ఆ చేయూత పట్నంలో సొంత ఇల్లు ఉన్నవాళ్లకే అందుతుంది.

చట్టం_చదివినవాడు
కరీంనగర్ పెద్దాయన లేవనెత్తిన స్టైపెండ్ విషయంలో లెక్కలు ఇవి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు కనీసం నెలకు రూ.7,000, రెండో ఏడాది లెక్కన అయితే పది శాతం, మూడో ఏడాది లెక్కన అయితే పదిహేను శాతం పెంచి ఇస్తారు. ఐటీఐ చదివిన కాలాన్ని కూడా శిక్షణగా లెక్కిస్తారు కాబట్టి, ఎన్నేళ్లు చదివారన్న దాన్ని బట్టి రూ.7,700 గాని రూ.8,050 గాని వస్తుంది. స్టైపెండ్‌ను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. ఆ సిఫారసు వచ్చేసరికే ధరలు ఎక్కడికి వెళ్లాయో అందరికీ తెలుసు.

హన్మకొండ సోదరుడు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ అంటే శిక్షణ పొందే వ్యక్తి, కార్మికుడు కాదు. 22వ సెక్షన్ ప్రకారం శిక్షణ ఇచ్చిన సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. 2014 సవరణ తర్వాత, తాము శిక్షణ ఇచ్చినవాళ్లను ఎలా తీసుకుంటారో ప్రతి యజమానీ సొంత విధానం రూపొందించుకోవాలని మాత్రం చేర్చారు. రైల్వే 20 శాతం కోటాను ఆ దృష్టితో చూడాలి. అంతకు ముందే, 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది: మిగతా అర్హతలన్నీ సమానంగా ఉన్నప్పుడు, శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు నేరుగా వచ్చే అభ్యర్థి కంటే ప్రాధాన్యం ఇవ్వాలి.

30 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది కూడా ఈ చట్టం నియమమే. అంటే రైల్వే దయ తలచి చేస్తున్న పని కాదు ఇది. 2018 మార్చిలో ముంబయిలో దాదర్, మాటుంగా మధ్య పట్టాల మీద కూర్చున్న అప్రెంటిస్‌లు అడిగింది కూడా ఇదే: శిక్షణ ఇచ్చారు కదా, 20 శాతం హద్దు తీసేసి మమ్మల్ని తీసుకోండి అని.

లాలాగూడ_పాతకాపు
నేను క్యారేజ్ వర్క్‌షాపులో సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా పదవీ విరమణ చేశాను. ‘తక్కువ ఖర్చుతో పని చేయించుకోవడం’ అన్న మాట నాకు నొప్పి కలిగించింది గనుక, లోపల ఏం జరుగుతుందో రాస్తాను.

పెట్టెలు నిర్ణీత కాలానికి ఒకసారి పీవోహెచ్ (పూర్తిగా విప్పి చేసే మరమ్మతు) కోసం వర్క్‌షాపుకు వస్తాయి. పెట్టెను జాకీల మీద పైకి లేపి బోగీలు (కింద చక్రాలుండే చట్రాలు) విడదీస్తారు. చక్రాలు ఒక షాపుకు, స్ప్రింగులు ఒక షాపుకు, ఎయిర్ బ్రేకు సామాను మరో షాపుకు వెళ్తాయి. దీపాలు, ఫ్యాన్లు, బ్యాటరీలు, ఆల్టర్నేటర్లు ట్రెయిన్ లైటింగ్ వాళ్ల దగ్గరికి చేరతాయి. ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌ను మొదట కొంతకాలం బేసిక్ ట్రైనింగ్ సెంటర్‌లో కూర్చోబెట్టి, ఆ తర్వాత ఈ విభాగాల్లో వంతుల వారీగా తిప్పుతాం. ఐటీఐలో ఒక మోటారును ముప్ఫై మంది చుట్టూ నిలబడి చూస్తారు. ఇక్కడ ఆ అమ్మాయి తానే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచి రిజిస్టరులో రాయాలి, కింద ఆర్టిజన్ (నైపుణ్యం ఉన్న కార్మికుడు) సంతకం, ఆ పైన సూపర్‌వైజరు సంతకం పడతాయి. ఆ పెట్టెలో రేపు డెబ్బై మందికి పైగా ప్రయాణం చేస్తారని తెలిసి చేసే పనికీ, పరీక్ష కోసం చేసే పనికీ ఎంతో తేడా ఉంటుంది. ప్రైవేటు కంపెనీలు మా పిల్లలను కోరుకునేది ఆ క్రమశిక్షణ కోసమే.

అప్రెంటిస్‌లను పనిముట్లు మోయడానికీ, టీ తేవడానికీ వాడుకునే సూపర్‌వైజర్లు ఏ సంస్థలోనైనా కొందరు ఉంటారు. అందుకు మందు ఒకటే. రోజూ ఏ పని చేశారో రికార్డు పుస్తకంలో రాసి, వారం వారం సంతకం పెట్టించుకోవాలి. ఆ పుస్తకంలో ‘సామాను మోశాను’ అని రాసి సంతకానికి తెస్తే, ఏ సూపర్‌వైజరూ దాని మీద సంతకం పెట్టడానికి ఇష్టపడడు.

గుంటుపల్లి_వెల్డర్
పాతకాపు గారూ, నొప్పించాలని ఎవరూ అనలేదు. మీ వంటి వాళ్ల దగ్గర నేర్చుకోవడం వల్లనే నాకు ఈ రోజు అన్నం దొరుకుతోంది. నా అభ్యంతరం శిక్షణ మీద కాదు, శిక్షణ ముగిసిన మర్నాటి గురించి.

శారద_ఎలక్ట్రీషియన్
అన్నయ్యా, నేను రైల్వేలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను, ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో. యాక్ట్ అప్రెంటిస్ దారిలోనే వచ్చాను. అమ్మగారి దిగులు గురించి మొదట చెబుతాను, ఎందుకంటే మా అమ్మది కూడా అదే దిగులు.

వర్క్‌షాపుల్లో, షెడ్లలో మగవాళ్లే ఎక్కువ అన్నది వాస్తవం. అయితే ఇది ఒంటరిగా వెళ్లే చోటు కాదు, ప్రతి బ్యాచ్‌లో ఇప్పుడు కొందరు అమ్మాయిలు ఉంటున్నారు. లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలన్నది చట్టం, ఆ కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డులో ఉంటాయి. చెల్లెలు చేరిన మొదటి రోజే ఆ పేర్లు చూసుకోవాలి. నేను మరో మాట కూడా చెప్పాలి. ఆడపిల్ల షెడ్డులో నిలదొక్కుకోవడం ఆమె ధైర్యం మీద మాత్రమే ఆధారపడదు. శుభ్రమైన మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, సరైన కొలతలో బూట్లు, రాత్రి షిఫ్టు దిగాక ఇంటికి వెళ్లే దారి, ఇవన్నీ ఉన్న చోట అమ్మాయిలు ఉంటారు, లేని చోట బదిలీ అడుగుతారు. మరుగుదొడ్డి లేని ఇంజిన్లు ఇప్పటికీ ఎన్నో తిరుగుతున్నాయి, మహిళా లోకో పైలట్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది దాని గురించే.

సురేఖా యాదవ్ గారు 1980ల చివర్లో రైల్వేలో చేరి ఆసియాలోనే మొదటి మహిళా లోకో పైలట్ అయ్యారు, 2025లో పదవీ విరమణ చేశారు. 2023 సెప్టెంబరులో జయా వర్మ సిన్హా గారు రైల్వే బోర్డుకు తొలి మహిళా చైర్‌పర్సన్ అయ్యారు. ఆ ఇద్దరి పేర్లూ మాకు బలమే. అయితే మొదటి లోకో పైలట్‌కూ మొదటి చైర్‌పర్సన్‌కూ మధ్య సుమారు ముప్ఫై అయిదేళ్లు గడిచాయి. ఆ ముప్ఫై అయిదేళ్లలో షెడ్డుల్లో, ట్రాక్ మీద ఎంతమంది చేరారు, ఎంతమంది నిలిచారు అన్నదే నాకు ముఖ్యం.

నెల్లూరు_నాగమణి
దక్షిణ మధ్య రైల్వే బేగంపేట, చంద్రగిరి స్టేషన్లను పూర్తిగా మహిళల చేతికే అప్పగించింది కదా, దాని సంగతి ఎవరూ రాయలేదేమిటి?

శారద_ఎలక్ట్రీషియన్
నాగమణి గారూ, ఆ స్టేషన్లంటే నాకూ గౌరవమే. కాని ఒక్క స్టేషనులో అందరూ ఆడవాళ్లే ఉంటే ఫొటోలో బాగుంటుంది; వంద స్టేషన్లలో ఇద్దరేసి, ముగ్గురేసి ఉండి, ఆ ఇద్దరికీ విశ్రాంతి గది ఉంటే వ్యవస్థ మారుతుంది. నేను కోరేది రెండోది.

నెల్లూరు_నాగమణి
మీతో పూర్తిగా ఏకీభవించలేను. మా ఊళ్లో పదో తరగతి చదివే పిల్లలకు వంద స్టేషన్ల గణాంకాలు కనబడవు. టికెట్ కౌంటరులో, ప్లాట్‌ఫాం మీద, స్టేషను మాస్టరు గదిలో ఆడవాళ్లే ఉండడం ఒక్కసారి చూస్తే, ఈ ఉద్యోగం మనదీ అని అనుకుంటారు. మా అక్క కూతురు అలాగే అడిగింది, స్టేషను మాస్టరు కావాలంటే ఏం చదవాలని. విశ్రాంతి గదులూ కావాలి, ఇలాంటి స్టేషన్లూ కావాలి. ఒకటి అడిగితే మరొకటి వదులుకోవాల్సిన అవసరం లేదు.

శారద_ఎలక్ట్రీషియన్
ఆ పిల్లకు చెప్పండి, ఏ డిగ్రీ చేసినా రైల్వే ఎన్‌టీపీసీ (నాన్-టెక్నికల్ ఉద్యోగాల) గ్రాడ్యుయేట్ స్థాయి పరీక్ష రాసి స్టేషను మాస్టరు కావచ్చు. కంటి చూపు పరీక్ష మాత్రం గట్టిగా ఉంటుంది.

మౌలాలి_మేనల్లుడు
రైల్వే ఉద్యోగాల్లో మహిళలకు ప్రత్యేకంగా రిజర్వేషన్ శాతం ఉందా? మా బంధువుల్లో ఒకరు ఉందంటారు, ఒకరు లేదంటారు.

చట్టం_చదివినవాడు
లెవెల్-1, టెక్నీషియన్, లోకో పైలట్ పోస్టుల్లో మహిళలకు విడిగా శాతం లేదు. రైల్వే రక్షణ దళంలో ఉంది. 2024లో 4,660 ఎస్‌ఐ, కానిస్టేబుల్ పోస్టులకు ఇచ్చిన ప్రకటనల్లో 15 శాతం మహిళలకు కేటాయించారు. మిగతా పోస్టుల్లో మహిళలకు ఇచ్చే వెసులుబాట్లు వేరే రకమైనవి. దరఖాస్తు రుసుము రూ.500కు బదులు రూ.250, పరీక్షకు హాజరైతే అదీ తిరిగి ఇస్తారు. లెవెల్-1 శారీరక పరీక్షలో పురుషులు 35 కిలోల బరువుతో 100 మీటర్లు రెండు నిమిషాల్లో నడవాలి, మహిళలు 20 కిలోలతో నడిస్తే చాలు. వెయ్యి మీటర్ల పరుగుకు పురుషులకు 4 నిమిషాల 15 సెకన్లు, మహిళలకు 5 నిమిషాల 40 సెకన్లు. చేరిన తర్వాత 180 రోజుల ప్రసూతి సెలవు, పిల్లల పెంపకానికి సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉన్నాయి. ప్యానెల్ బోర్డుల కంపెనీ పద్నాలుగు వేలతో పోల్చేటప్పుడు ఈ చివరి రెండు అంకెలను నాన్నగారికి చూపించండి.

సత్తెనపల్లి_సుబ్బారావు
రైల్వేలో ఎవరెవరికి చోటు ఉందన్న ఈ చర్చ ఆడా మగా అన్న విషయం దగ్గరే ఆగిపోకూడదు. నాకు పోలియో వల్ల ఎడమ కాలు సరిగా పనిచేయదు. ప్రస్తుతం రైల్వే కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక 3 శాతం కోటా 4 శాతమైంది. అందులో చూపు లోపం ఉన్నవాళ్లకు ఒక శాతం, వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఒక శాతం, నా వంటి చలన వైకల్యం ఉన్నవాళ్లకూ యాసిడ్ దాడి బాధితులకూ కలిపి ఒక శాతం, మేధోపరమైన, మానసిక, బహుళ వైకల్యాలకు ఒక శాతం. రాయలేనివాళ్లకు లేఖకుడి సాయం ఉంటుంది; లెవెల్-1 పరీక్ష అందరికీ 90 నిమిషాలైతే వాళ్లకు 120 నిమిషాలు. బరువు మోసే పరీక్ష, పరుగు పరీక్ష మాకు ఉండవు. ఇదంతా కాగితం మీది దయ కాదు, నా వంటివాడిని ఈ కుర్చీలో కూర్చోబెట్టిన ఏర్పాటు.

అసలు చిక్కు అంతకు ముందే వస్తుంది. ఏ పోస్టు ఏ వైకల్యానికి తగినదో ముందే జాబితా చేసి ఉంటుంది. ఆ జాబితాలో లేని పని మనం ఎంత బాగా చేయగలిగినా లెక్కలోకి రాదు. నేను చదవాలనుకున్న సాంకేతిక విద్యాసంస్థలో తరగతులన్నీ రెండో అంతస్తులో ఉండేవి, లిఫ్టు లేదు, చివరికి డిగ్రీలో చేరాను. యజమాని ఎంత కోటా పెట్టినా, మెట్ల దగ్గరే పిల్లవాడు ఆగిపోతే ఆ సీటు ఖాళీగా మిగులుతుంది. ఐటీఐ మాస్టారూ, మీ దగ్గర పరిస్థితి ఎలా ఉంది?

ఐటీఐ_మాస్టారు
సుబ్బారావు గారూ, మీరు చెప్పింది నిజం. ర్యాంపు కట్టిన ఐటీఐల్లో కూడా లేత్ మెషీన్ ఎత్తు నిలబడి పనిచేసేవాళ్లకు తగినట్టే ఉంటుంది. వినికిడి లోపం ఉన్న పిల్లలు మా వెల్డింగ్ విభాగంలో చాలా చక్కగా రాణిస్తున్నారు, వాళ్లకు సైగల భాషలో చెప్పగలిగిన శిక్షకుడు దొరకడమే కష్టంగా ఉంది. స్నేహితుల్లో ఒకడు పాఠం విని సైగలతో చెబితే వాళ్లు నేర్చుకుంటున్నారు. ఆ భారం తోటి పిల్లవాడి మీద పడకూడదని ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నాను.

పాడేరు_కుర్రాడు
మా వైపు సంగతి వేరు. మాకు దగ్గరిది విశాఖపట్నంలోని వాల్తేరు రైల్వే డివిజను, అది చాలా ఏళ్లు భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వేలో ఉండేది కాబట్టి ప్రకటన కూడా అక్కడి నుంచే వచ్చేది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మా గూడేల్లో ఐటీఐ చదివినవాళ్లున్నారు, కాని ప్రకటన వచ్చిన సంగతి గడువు దాటాక తెలుస్తుంది.

నన్ను నిలబెట్టినవి రెండు. ఒకటి, నియామక పరీక్షను తెలుగులో రాయవచ్చు. మొత్తం 15 భాషల్లో ప్రశ్నపత్రం ఇస్తున్నారు. రెండు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు పరీక్షకు వెళ్లిరావడానికి రైలులో ఉచిత ప్రయాణ పాసు ఇస్తారు. పరీక్ష కేంద్రం వేరే రాష్ట్రంలో పడినప్పుడు ఆ పాసు లేకపోతే నేను వెళ్లేవాడినే కాదు. కాని స్టేషనుకు చేరడానికి మా ఊరి నుంచి జీపు దొరకాలి, దానికి పాసు లేదు.

హన్మకొండ_అన్న
తమ్ముడూ, ప్రకటన సంగతి ముందే తెలియడానికి ఏం చేస్తే బాగుంటుందంటావు?

పాడేరు_కుర్రాడు
అన్నా, రైల్వే నియామక బోర్డులు 2024 నుంచి ఏడాది క్యాలెండరు ఇస్తున్నాయి, ఏ నెలల్లో ఏ పోస్టుల ప్రకటన వస్తుందో అందులో ఉంటుంది. అదే పద్ధతి అప్రెంటిస్‌లకూ పెట్టి, ఆ క్యాలెండరును ఆశ్రమ పాఠశాలల్లో, ఐటీఐ నోటీసు బోర్డుల్లో అతికిస్తే సగం సమస్య తీరుతుంది. మా దగ్గర ఫోనులో సిగ్నల్ రోజంతా ఉండదు, గోడ మీది కాగితం మాత్రం రోజంతా ఉంటుంది.

కరీంనగర్_తండ్రి
రైల్ కౌశల్ వికాస్ యోజన అని మరొకటి ఉంది కదా. మూడు వారాల్లో శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తున్నారట. ఏడాది పాటు సికింద్రాబాదులో ఖర్చు పెట్టే కంటే అది చేయించి ఉద్యోగంలో పెట్టవచ్చు కదా?

ఐటీఐ_మాస్టారు
ఆ రెండింటినీ ఒకే గాటన కట్టవద్దండి. రైల్ కౌశల్ వికాస్ యోజన 2021 సెప్టెంబరులో మొదలైంది. పది చదివి 18 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్న ఎవరైనా చేరవచ్చు, రుసుము లేదు, స్టైపెండ్ కూడా లేదు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్, మెషినిస్టు పనుల్లో తొలి పరిచయం కలిగిస్తారు. చదువు మానేసి ఏ పనీ రాకుండా ఉన్న పిల్లవాడికి అది చాలా మంచి మొదటి మెట్టు. రెండేళ్లు ఐటీఐ చదివిన అమ్మాయికి అందులో కొత్తగా నేర్చుకునేది తక్కువ, 20 శాతం కోటాకు ఆ సర్టిఫికెట్ పనికిరాదు.

మౌలాలి_మేనల్లుడు
రైల్వే పిల్లలను తయారుచేసుకోవడం ఈనాటిది కాదని మా మామయ్య అంటుంటారు. బీహార్‌లోని జమాల్‌పూర్‌లో 1927 నుంచి స్పెషల్ క్లాస్ అప్రెంటిస్‌లు ఉండేవారు. ఇంటర్ పూర్తి చేసిన కుర్రాళ్లను యూపీఎస్సీ పరీక్షతో తీసుకుని అక్కడే మెకానికల్ ఇంజనీర్లుగా తీర్చిదిద్ది, చదువు ముగియగానే అధికారులుగా నియమించేవారు. ఆ పరీక్ష ఆగిపోయింది. ఇప్పుడు వడోదరలో రవాణా రంగ చదువుల కోసం గతిశక్తి విశ్వవిద్యాలయం ఉంది.

గుంటుపల్లి_వెల్డర్
మేనల్లుడా, నువ్వు తెలియకుండానే నా వాదనకు బలమిచ్చావు. అధికారులను తయారుచేయాలనుకున్నప్పుడు చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఖాళీ లేకుండా దారి వేశారు. వెల్డరు, ఫిట్టరు దగ్గరికి వచ్చేసరికి శిక్షణ ఒక చోట, ప్రకటన మరో ఏడాది, పరీక్ష ఇంకో ఏడాది. 2025 జనవరిలో దరఖాస్తులు తెరిచిన 32,438 లెవెల్-1 ఖాళీల్లో 20 శాతమంటే సుమారు 6,500. వర్క్‌షాపుల్లో ఖాళీలు ఉన్నాయి, పని వచ్చిన పిల్లలు ఇంట్లో ఉన్నారు. ట్రేడ్ పరీక్ష ఫలితాలు వచ్చిన ఆరు నెలల్లోపు ఆ కోటాకు నియామకం జరిగేలా చూస్తే, నాన్నగారి ప్రశ్నకు నేనే ముందుగా వెళ్లి సమాధానం చెబుతాను.

లాలాగూడ_పాతకాపు
ఈ విషయంలో వెల్డరు గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పదవీ విరమణ చేసిన ఆర్టిజన్ స్థానంలో మనిషి రావడానికి ఏళ్లు పడితే, ఆయన చేతిలోని పనితనం ఎవరికీ అందకుండా పోతుంది. అప్రెంటిస్ బెంచీ మీద నేర్చుకున్నది కూడా వాడకపోతే రెండేళ్లలో మందగిస్తుంది.

హన్మకొండ_అన్న
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ పోస్టులన్నీ ఇంట్లో చదివి వినిపించాను. నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, కాని 20 శాతం కోటా రైల్వేలో శిక్షణ పొందినవాళ్లకే అన్న మాట ఆయనను ఆలోచనలో పడేసింది. చెల్లెలికి రెండు సందేహాలున్నాయి. ఆమెకు దూరపు చూపు కొంచెం తక్కువ, కళ్లజోడు పెట్టుకుంటుంది; లోకో పైలట్ కావాలని కోరిక. శిక్షణ కాలంలో హాస్టల్ ఇస్తారా?

శారద_ఎలక్ట్రీషియన్
లోకో పైలట్ ఉద్యోగానికి అర్హతలో యాక్ట్ అప్రెంటిస్ సర్టిఫికెట్ కూడా చెల్లుతుంది, ఆ దారి తెరిచే ఉంది. కాని దానికి ఏ-1 వైద్య ప్రమాణం కావాలి, కళ్లజోడు లేకుండానే రెండు కళ్లలోనూ 6/6 చూపు ఉండాలి. చూపు సరిచేయించుకుందామని లాసిక్ ఆపరేషన్ మాత్రం చేయించవద్దు. చేయించుకున్నవాళ్లను ఆ పోస్టుకు తీసుకోరు. టెక్నీషియన్ పోస్టుల్లో చాలావాటికి అంత కఠినమైన ప్రమాణం లేదు, ప్రతి ప్రకటన చివర పోస్టు పక్కనే వైద్య ప్రమాణం రాసి ఉంటుంది. దరఖాస్తులో పోస్టుల ప్రాధాన్యం ఇచ్చే ముందు దాన్ని చూసుకోమనండి.

అప్రెంటిస్‌లకు హాస్టల్ ఇవ్వరు, వసతి మనమే చూసుకోవాలి. మెట్టుగూడ, తార్నాక వైపు అమ్మాయిల హాస్టళ్లు ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. ప్రభుత్వ సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో చోటు దొరుకుతుందేమో కూడా ముందే అడగండి.

కరీంనగర్_తండ్రి
అమ్మాయి వెళ్తే వసతి విషయంలో నన్ను అడగండి. తార్నాకలో మా బంధువులు అమ్మాయిలకు గదులు అద్దెకు ఇస్తారు. నా అభిప్రాయం మారలేదు, కాని పిల్ల ఇష్టపడి వెళ్తానంటే వసతి కారణంగా ఆగకూడదు.

ఐటీఐ_మాస్టారు
ప్రకటన వచ్చాక వెతుక్కోకుండా ఇవి ఇప్పుడే సిద్ధం చేయించండి: పదో తరగతి మెమో, ఐటీఐ మార్కులన్నీ కలిపిన మార్కుల జాబితా, జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్, కేంద్ర ప్రభుత్వ నమూనాలో కుల ధ్రువీకరణ. ఓబీసీ అయితే క్రీమీలేయరులో లేరన్న ధ్రువీకరణ కొత్తది ఉండాలి, రాష్ట్ర నమూనాలోది తిరస్కరిస్తారు. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉండడం వల్ల మా దగ్గర చదివిన పిల్లలకు పత్రాల పరిశీలనలో ఇబ్బందులు వచ్చాయి. దక్షిణ మధ్య రైల్వే ప్రకటన తన పరిధిలోని జిల్లాల్లో నివసించేవాళ్లకే గనుక, నివాస ధ్రువీకరణలో జిల్లా పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. జిల్లాల పునర్విభజన తర్వాత వరంగల్, హన్మకొండ పేర్ల దగ్గర చాలామంది పత్రాల్లో తేడాలున్నాయి, మీ సేవా కేంద్రంలో ఈ వారమే దిద్దించుకోండి.

హన్మకొండ_అన్న
మెమోలో వరంగల్ అర్బన్ అని, ఆధార్‌లో హన్మకొండ అని ఉంది మాస్టారూ. రేపే మీ సేవకు తీసుకెళ్తాను.